మరమ్మతు సగంలో ఉన్న ఇల్లు అమ్మి, విశాఖలో ఫ్లాటు కొన్నాం

రాజమండ్రి ఇన్నీసుపేటలో ఉన్న మా నాన్నగారి ఇల్లు 2025లో అమ్మేశాం. అప్పటికి పైకప్పు పని అయింది. నేల పని మొదలే కాలేదు. వంటింటి గోడలు సగం కొట్టేసి ఉన్నాయి. ఆ దశలోనే అమ్మి, వచ్చిన డబ్బుతో విశాఖ మధురవాడలో ఫ్లాటు కొన్నాం.

అమ్మాలనుకున్న రోజు నుంచీ రెండే రకాల సలహాలు వచ్చాయి. ఎలాగైనా పూర్తి చేసి అమ్మండి, లేకపోతే రేటు రాదు అని కొందరు. ఇల్లు మర్చిపోండి, స్థలం రేటుకి ఇచ్చేయండి అని మిగతావాళ్లు. ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది. పనిని ఒక సరైన చోట ఆపి, చేసిన పనికి లెక్క చూపించి, ఉన్నది ఉన్నట్టు అమ్మడం. మేం ఆ దారిలోనే వెళ్లాం. అందులో ఏమేం ఎదురయ్యాయో రాస్తున్నాను.

అది 1952లో తాతగారు కట్టించిన పెంకుటిల్లు. 215 గజాల స్థలం. వీధి వైపు అరుగు, వసారా, లోపల హాలు, రెండు గదులు, వెనక వంటిల్లు, పెరట్లో నుయ్యి. గోడలు గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడలు. పైన టేకు దూలాలు, వాసాలు, వాటి మీద మంగుళూరు పెంకులు. నాన్నగారు 2019లో పోయాక అమ్మ ఒక్కతే ఉండేది. ఇల్లు కారుతోంది, గోడలు చెమ్మెక్కుతున్నాయి. పడగొట్టి కొత్తది కట్టడం నాకు ఇష్టం లేదు. గోడలు గట్టిగా ఉన్నాయి, కర్ర మంచిది. బాగు చేయిద్దామని 2024 చివర్లో పని మొదలుపెట్టాం. మొత్తం 22 లక్షలు అవుతుందని మేస్త్రి అంచనా వేశాడు.

పైకప్పు పని జరిగిన తీరు కొంచెం వివరంగా చెప్పాలి. తర్వాత ధర వచ్చింది దానికే. పెంకులు దింపాక వడ్రంగి ఒక్కో వాసాన్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా సుత్తితో తట్టుకుంటూ వెళ్లాడు. గట్టి కర్ర ఖంగున పలుకుతుంది, గుల్లయిన చోట ఆ చప్పుడు రాదు. అలాంటి చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టాడు. చూస్తే గీతలన్నీ చూరు దగ్గరే ఉన్నాయి. "చివర్లే పోయాయండి అమ్మగారూ, చూరు తడిసి చెద పట్టింది. మధ్య కర్ర మన పిల్లల కాలం దాకా ఉంటుందండి" అన్నాడు. పాడైన చివర్లు కోసేసి, పాత టేకే కొని తెచ్చి, ఏటవాలుగా కోత పెట్టి అతికి, బోల్టులు బిగించాడు. ఒక్క వాసం కూడా పూర్తిగా మార్చాల్సిన పని పడలేదు. ప్రతి అతుకునీ నేను ఫోన్లో ఫోటో తీసి, ఏ గదిలో ఎన్నో వాసమో రాసి పెట్టుకున్నాను.

గోడల సంగతి వేరు. ఎప్పుడో తొంభైల్లో చెమ్మ కనబడకుండా కింద నడుమెత్తు దాకా సిమెంటు పూయించారు. సున్నపు గోడకి సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. చెమ్మ అక్కడ ఆగదు, పూత దాటి ఇంకా పైకి ఎక్కుతుంది. మా గోడల్లో జరిగింది అదే. ఆ సిమెంటంతా కొట్టించి గోడల్ని ఆరనిచ్చాం. ఆరాక మళ్లీ సున్నంతోనే పూత వేయించాలని అనుకున్నాం.

అంతలో అమ్మకి గుండె జబ్బు బయటపడింది. విశాఖలో స్టెంటు వేశారు. ఇకమీదట ఒంటరిగా ఉంచొద్దని, చెకప్‌లకి దగ్గర్లో ఉండాలని డాక్టరు గట్టిగా చెప్పారు. నేను, మావారు పదేళ్లకి పైగా విశాఖలోనే అద్దెకి ఉంటున్నాం. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మని ఆ మెట్లు ఎక్కించలేం. రాజమండ్రి ఇల్లు పూర్తి చేసినా అందులో ఉండేవాళ్లు ఎవరూ లేరు. ఆ సంగతి మా ఇద్దరికన్నా ముందు అమ్మే అంది. "నాన్నగారి ఇల్లు అని మీరు మొహమాటపడకండి. నాకు మీ దగ్గరే ధైర్యం" అంది. అక్క కూడా సరేనంది.

డబ్బు లెక్క చూసుకున్నాం. మధురవాడలో మాకు నచ్చిన సెకండ్ హ్యాండ్ ఫ్లాటు 74 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. అంటే ఇంకో ఐదున్నర లక్షలు. ఈ రిజిస్ట్రేషన్ ఖర్చుని బ్యాంకు ఇంటి ధరలో కలిపి లోను ఇవ్వదు, చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. మావారి జీతం మీద 22 లక్షలకి మించి రాదన్నారు. కాబట్టి రాజమండ్రి ఇల్లు అమ్మకుండా ఫ్లాటు మాట ఎత్తే వీలే లేదు.

ఇక పని పూర్తి చేసి అమ్మాలా, ఇలాగే అమ్మాలా అన్నది తేల్చుకోవాలి. అప్పటికి తొమ్మిదిన్నర లక్షలు అయ్యాయి. పూర్తి చేయాలంటే ఇంకో పన్నెండు, పదమూడు లక్షలు, కనీసం ఐదారు నెలలు. ఆ డబ్బు అప్పు తెచ్చి పెట్టాలి. పైగా వంటిల్లు, బాత్రూములు, నేల మనకి నచ్చినట్టు చేయిస్తే కొనేవాళ్లకి నచ్చాలని లేదు. మేం తాండూరు బండలు వేయిస్తే వాళ్లు అవి పీకించి గ్రానైటు వేసుకోవచ్చు. అలాగని కప్పు సగం తెరిచి ఉన్న ఇంటిని ఎవరికి చూపిస్తాం? ఒక్క వాన పడితే ఆరిన గోడలు మళ్లీ నానతాయి.

మేస్త్రినే అడిగాను. అతను ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చి చెప్పాడు. "కప్పు మూసేద్దామండి. మెయిన్ బోర్డు దాకా కరెంటు సేఫుగా చేసేద్దాం. గోడలు మాత్రం పూయొద్దండి. పూస్తే ఏం దాచారో అనుకుంటారు." ఇంత మంచి సలహా మాకు ఇంకెవరూ ఇవ్వలేదు. తొలకరి లోపల మిగిలిన పెంకులు ఎక్కించాం, చూరు పట్టీలు, వాన నీళ్ల గొట్టాలు బిగించాం. పాత వైర్లన్నీ తీయించి కొత్త మెయిన్ బోర్డు, ఎర్తింగు పెట్టించాం. వంటింట్లో సగం కొట్టిన గోడకి ఆనుగా కర్రలు పెట్టించాం. వీటికి లక్షా అరవై వేలు అయింది. అక్కడ ఆపేశాం. ఇటుక గోడలు ఇటుకగానే ఉన్నాయి. వచ్చినవాళ్లు చెయ్యి పెట్టి చూసుకోవచ్చు, చెమ్మ ఉందో లేదో వాళ్లకే తెలుస్తుంది.

మేస్త్రికి, వడ్రంగికి, ఎలక్ట్రీషియనుకి బాకీలన్నీ తీర్చి, ఒక్కొక్కరి దగ్గరా పని వివరంతో పాటు ముట్టినట్టు రసీదు రాయించుకున్నాం. సగం పనిలో అమ్మేటప్పుడు ఇది చాలా ముఖ్యం. కొన్నవాళ్ల దగ్గరికి రేపెవరో వచ్చి "మాకు ఇంకా రావాలి" అంటే ఎంత ఇబ్బంది!

కాగితాల పని ఇంటి పనికన్నా ఎక్కువ కాలం పట్టింది. తాతగారు స్థలం కొన్న 1949 నాటి దస్తావేజు, 1978లో అన్నదమ్ముల పంపకాల దస్తావేజు మా దగ్గర ఉన్నాయి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుదానికి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టి పాత పుస్తకాల్లో వెతికించాలి. నాన్నగారి మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, నగరపాలక సంస్థ రికార్డుల్లో ఇంటి పన్ను పేరు మార్పిడి, పన్ను బకాయి లేదన్న రసీదు, ఇవన్నీ బేరానికి ముందే సిద్ధం చేసుకున్నాం. ఇల్లు సగంలో ఉంది కాబట్టి కాగితాలైనా నిండుగా ఉండాలని మావారు పట్టుబట్టారు. అది మాకు ఎంతో కలిసొచ్చింది.

వారసులం ముగ్గురం: అమ్మ, అక్క, నేను. ముగ్గురం కలిసి సంతకాలు పెట్టి అమ్మితే ఖర్చు తగ్గుతుందని మొదట అనుకున్నాం. మా ఆడిటరు గారు వద్దన్నారు. ముగ్గురు అమ్మితే క్యాపిటల్ గెయిన్స్, అంటే అమ్మకం మీద వచ్చిన లాభం, ముగ్గురికీ పంచుకుపోతుంది. ఆ లాభాన్ని ఇంకో ఇంట్లో పెడితేనే పన్ను తప్పుతుంది. అక్క విశాఖ ఫ్లాటులో డబ్బు పెట్టడం లేదు కాబట్టి ఆమె వాటా మీద పన్ను పడుతుంది. అక్క తన వాటా ఎలాగూ అమ్మ కోసం వదిలేస్తానంటోంది. అందుకని ముందే అమ్మ పేరున హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించాం. అప్పుడు అమ్మది మూడింట రెండు వంతులు, నాది ఒక వంతు అయింది. అక్క సంతకం పెట్టి బయటికొచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. పెళ్లై ముప్ఫై ఏళ్లైనా ఆమెకీ అది పుట్టిల్లే కదా. ఆ విషయంలో మా అక్కకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ఇక కొనేవాళ్లు. మొదట వచ్చింది పాత కలప వ్యాపారి. ఆయనకి స్థలంతో పనిలేదు. ఇల్లు విప్పేసి దూలాలు, వాసాలు, ద్వారబంధాలు పట్టుకుపోతానని, నాలుగున్నర లక్షలు ఇస్తానని అన్నాడు. గోదావరి జిల్లాల్లో పాత లోగిళ్లు చాలా ఇలాగే మాయమయ్యాయి. ఏ పాత టేకు కోసం మా వడ్రంగి ఊళ్లు తిరిగాడో ఆ టేకు ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చిందే. ఆయన వెళ్లాక వడ్రంగి కూడా కాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఒక బిల్డరు గజం 26 వేలు అన్నాడు. ఆ వీధిలో స్థలం గజం 28 వేలు పలుకుతోంది. "మీ ఇల్లు పడగొట్టడానికి నాకే ఖర్చు కదండీ" అని రెండు వేలు తగ్గించాడు. బ్రోకరు కూడా ఇల్లు లెక్కలోకి రాదు, గజాల లెక్కే అంటూ వచ్చాడు. ఆ మాట ఒప్పుకుని ఉంటే 56 లక్షల దగ్గర ఆగిపోయేవాళ్లం.

ఆ తర్వాత ఒక ఉద్యోగి కుటుంబం వచ్చింది. ఇల్లు వాళ్లకి బాగా నచ్చింది. 66 లక్షలకి ఒప్పుకున్నారు. కాకపోతే లోను తీసుకోవాలి. బ్యాంకు తరఫున విలువ కట్టే ఇంజనీరు వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్లాడు. ప్రస్తుతం నివాసయోగ్యం కాదు, కట్టడానికి విలువ వేయలేం అని రిపోర్టు ఇచ్చాడు. దాంతో వాళ్లు అడిగినంత లోను రాలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. బ్యాంకు తనఖా పెట్టుకునేది ఇవాళ ఉన్న ఇంటిని, రేపు కాబోయే ఇంటిని కాదు. వంటిల్లు, బాత్రూము లేని ఇంటికి గృహరుణం రావడం కష్టం. అందుకని ఇలాంటి ఇల్లు అమ్మేవాళ్లు కొనేవాళ్లని మొదటి మాటలోనే అడగాలి, డబ్బు లోనా, సొంతమా అని. వాళ్ల పిల్లలు ఇంటి గేటు దగ్గర నిలబడి నుయ్యి నీళ్లు తాగొచ్చా అని అడిగారు. వాళ్లకి ఇవ్వలేకపోయినందుకు బాధేసింది.

చివరికి కొన్నది ఒక రిటైర్డ్ లెక్చరరు, ఆయన భార్య. పొలం అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది. మాస్టారు తన వెంట ఒక సివిల్ ఇంజనీరుని తీసుకొచ్చారు. ఆయన్ని ఎక్కడ గీకి చూస్తానంటే అక్కడ గీకనిచ్చాం, నిచ్చెన వేసి కప్పులోకి ఎక్కనిచ్చాం. నేను ఫోటోలు ముందు పెట్టుకుని, ఇదిగో హాల్లో మూడో వాసం, ఇదిగో అతుకు అని చూపించాను. ఆయన కింద నుంచి ఆ అతుకుల్ని వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్లారు. మాస్టారి భార్య గోడకి అరచెయ్యి ఆనించి చూసి, "పొడిగా ఉందండీ" అన్నారు. ఆ ఒక్క మాటతో బేరం దారిలో పడింది. మేస్త్రి గోడలు పూయొద్దన్నది ఎంత నిజమో అప్పుడు తెలిసింది.

ధర దగ్గర మాస్టారు చాలా న్యాయంగా మాట్లాడారు. స్థలం విలువ 60 లక్షలని ఇద్దరం ఒప్పుకున్నాం. దాని మీద ఎంత అన్నదే బేరం. బిల్లుల ఫైలు ఆయన ముందు పెట్టాను. "కప్పుకి అయినది ఒప్పుకుంటాను, కరెంటు ఒప్పుకుంటాను. కొట్టినందుకూ, చెత్త ఎత్తినందుకూ నేనెందుకు ఇవ్వాలమ్మా?" అని అడిగారు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. గోడ కొట్టిన కూలీ, ట్రాక్టర్ల మీద పోయిన శిథిలం, పనివాళ్ల రానుపోను ఖర్చులు కొనేవాళ్లకి కంటికి కనబడే విలువ కాదు. అవి తీసేసి, సామాను కలిపి 68 లక్షలకి ముగించాం. మేం పెట్టిన పదకొండు లక్షల చిల్లరలో దాదాపు ఎనిమిది వెనక్కి వచ్చినట్టు.

సామాను అన్నాను కదా, దాని గురించి ఒక మాట. వసారాలో మిగిలిన మంగుళూరు పెంకులు, గోడకి ఆనించిన తాండూరు బండలు, బాగు చేయించి ఇంకా బిగించని రెండు జతల తలుపులు, బాత్రూము టైల్స్ పెట్టెలు, గోతంలో వైరు చుట్టలు ఉన్నాయి. ఒక సాయంత్రం మాస్టారూ, మావారూ అరుగు మీద కూర్చుని అన్నీ లెక్కపెట్టారు. పగుళ్లున్న పెంకులు వేరు చేశారు. ఆ జాబితా రెండు కాపీలు రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి అగ్రిమెంటుకి జతచేశారు. ఇంకో కాగితంలో ఏ పని అయింది, ఏది కాలేదు, ఏది మొదలుపెట్టి వదిలేశాం అన్నది గది గదికీ రాశాం. పూర్తయిన ఇంటికి ఈ అవసరం ఉండదు. సగం ఇంటికి మాత్రం ఈ రెండు కాగితాలే రేపటి గొడవల్ని ఆపుతాయి.

అగ్రిమెంటుకి ఏడు లక్షలు అడ్వాన్సు, అరవై రోజుల గడువు. మొత్తం బ్యాంకు ద్వారానే. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానా పడే సెక్షను ఉంది. మాస్టారికి కూడా నగదు ఊసే లేదు, అది మా అదృష్టం. అయితే ఆయన ఒకటి అడిగారు. వానలు పెరగకముందే నేల పని మొదలుపెట్టుకుంటాం, తాళాలు ఇవ్వండి అని. మనిషి మీద నమ్మకం లేక కాదు కానీ, ఆ మాట లాయరుగారిని అడిగాం. రిజిస్ట్రేషనుకి ముందు స్వాధీనం ఇస్తే ఆ అగ్రిమెంటుకే అమ్మకం లెక్కన పూర్తి స్టాంపు డ్యూటీ పడుతుందని, పన్ను చట్టంలో అమ్మిన తేదీ కూడా మారిపోవచ్చని ఆయన చెప్పారు. ఇదే మాస్టారికి చెబితే అర్థం చేసుకున్నారు. కొలతలకి, చూసుకోవడానికి మాత్రం ఎప్పుడైనా రావచ్చని తాళం పక్కింటివాళ్ల దగ్గర పెట్టాం.

ఇటు ఫ్లాటు వాళ్లది ఇంకో గడియారం. ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోతున్న కుటుంబం. వాళ్లకి తొంభై రోజుల్లో అయిపోవాలి. రాజమండ్రి డబ్బు రాకపోతే ఇక్కడ ఇచ్చిన అడ్వాన్సు పోతుందని నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, అంత టెన్షన్. మావారు ఫ్లాటు వాళ్లతో దాపరికం లేకుండా మాట్లాడారు. మాకు డబ్బు వచ్చేది ఇల్లు అమ్మితేనే అని, మా అగ్రిమెంటు కాపీ చూపించారు. అడ్వాన్సు ఒక లక్ష పెంచి ఇచ్చేట్టు, అవసరమైతే ఇంకో ముప్ఫై రోజులు గడువు పెంచుకునేట్టు ఒక షరతు రాయించుకున్నాం. దాన్ని వాడుకునే అవసరం రాలేదు గానీ, అది ఉండబట్టే ఆ రెండు నెలలూ మనుషుల్లా ఉండగలిగాం.

అమ్మకపు దస్తావేజు దగ్గర వచ్చిన విషయం ఒకటి ఉంది. ఇల్లు బాగు చేయిస్తూ మధ్యలో అమ్మేవాళ్లు దీన్ని తప్పకుండా గమనించాలి. దస్తావేజు రాసేవాళ్లు పంపిన చిత్తు చదువుతుంటే ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో "ఖాళీ స్థలం" అని ఉంది. అడిగితే, ఇల్లు పూర్తిగా లేదు కదా, అలా రాస్తే కట్టడం విలువ కలవదు, మీకూ వాళ్లకీ సులువు అన్నారు. ఆడిటరు గారికి పంపాను. ఆయన వెంటనే ఫోను చేశారు. అక్కడ ఇల్లుంది, పన్ను నంబరుంది, మీటరుంది. ఉన్న ఇంటిని లేదని రాయడం మొదటి తప్పు. రెండోది పన్ను విషయం. నివాస గృహం అమ్మి ఇంకో ఇల్లు కొంటే మినహాయింపు ఇచ్చేది అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షను 54. అందులో వచ్చిన లాభం మేరకు కొత్త ఇంట్లో పెడితే చాలు. అదే స్థలం అమ్మినట్టయితే సెక్షను 54ఎఫ్. అందులో అమ్మగా వచ్చిన మొత్తం సొమ్ము పెట్టాలి. ఎంత తక్కువ పెడితే ఆ నిష్పత్తిలో మినహాయింపు తగ్గుతుంది. మనకి వేరే ఇళ్లు ఎన్ని ఉన్నాయన్న షరతు కూడా ఉంది.

మాకు ఈ తేడా పెద్దదే. అమ్మ వాటాకి 45 లక్షల చిల్లర వస్తుంది. అందులో ఏడు లక్షలు ఆమె మందులకి, ఆసుపత్రికి ఆమె పేరునే డిపాజిటు వేయాలని ముందే అనుకున్నాం. స్థలం అమ్మినట్టు రాస్తే ఆ ఏడు లక్షల మూలంగా పన్ను తగులుకునేది. చిత్తు మార్పించాం. "పెంకుటిల్లు, మరమ్మతులు అసంపూర్తిగా ఉన్నది" అని, కొలతలతో సహా రాశారు. రిజిస్ట్రేషను లెక్కల్లో పెంకుటింటికి వేరే రేటు, వయసుని బట్టి తగ్గింపు ఉంటాయి. కాబట్టి కట్టడం కలిపినందువల్ల మాస్టారికి పెద్ద భారం పడలేదు.

పన్ను లెక్క కూడా చెబుతాను. పాత ఆస్తికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా తీసుకోవచ్చు. అయితే అది ఆ రోజు రిజిస్ట్రేషను శాఖ పుస్తకంలో ఉన్న విలువని మించకూడదు. రిజిస్టర్డ్ వాల్యూయరు రిపోర్టు, 2001 నాటి మార్కెట్ విలువ పత్రం తీసుకుంటే మా ఇంటికి ఆరు లక్షలు వచ్చింది. మరమ్మతులకి బిల్లులు, బ్యాంకు చెల్లింపులు ఉన్న తొమ్మిది లక్షలు కలిసింది. అంటే లాభం 53 లక్షలు. 2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాలకి ఇండెక్సేషను (ధరల పెరుగుదలని బట్టి కొన్న ధరని పెంచి లెక్కగట్టడం) లేకుండా 12.5 శాతం. అంతకు ముందు నుంచీ ఉన్న ఆస్తి కాబట్టి ఇండెక్సేషనుతో 20 శాతం లెక్కతో పోల్చి ఏది తక్కువైతే అది కట్టొచ్చు. మాకు మొదటిదే తక్కువ. అయినా సెస్సు కాకుండా ఆరున్నర లక్షల పైనే. ఫ్లాటులో అమ్మ 38 లక్షలు, నేను 22 లక్షలు పెట్టాం. అవి మా మా లాభాల వాటాల కన్నా ఎక్కువ కాబట్టి పన్ను పడదు. ఎవరి డబ్బు వాళ్ల ఖాతా నుంచే ఫ్లాటు వాళ్లకి వెళ్లేట్టు చూసుకున్నాం. మిగిలింది లోను. ఫ్లాటు అమ్మ పేరున, నా పేరున కలిపి తీసుకున్నాం. కొత్త ఇల్లు అమ్మినదానికి ఏడాది ముందు గానీ, తర్వాత రెండేళ్లలో గానీ కొనాలి. ఆదాయపు పన్ను రిటర్ను గడువు లోపల కొనలేకపోతే ఆ డబ్బు బ్యాంకులో ఇందుకోసమే ఉండే క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మాకు ఆ అవసరం రాలేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, కాబట్టి ఇప్పుడు అమ్మేవాళ్లు మీ ఆడిటరుని అడిగి చూసుకోండి.

టీడీఎస్ (కొనేవాళ్లు ధరలోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) దగ్గర మాస్టారికి అనుమానం వచ్చింది. అమ్మ వాటా 45, నా వాటా 23 లోపు. విడివిడిగా 50 లక్షల లోపే కదా, ఒక శాతం కోయాలా అని. 2024 అక్టోబరు 1 నుంచి ఆస్తి మొత్తం ధరే చూస్తారు. ఇద్దరి పాన్‌ల మీద వేరువేరుగా కోసి కట్టారు. మేం ఫ్లాటు వాళ్లకి ఇచ్చేటప్పుడు కూడా అలాగే చేశాం.

రిజిస్ట్రేషను రోజు మిగిలిన సొమ్ముకి డీడీలు తెచ్చారు, వాటి నంబర్లు దస్తావేజులో రాశారు. అమ్మ వేలిముద్రలు మెషీను మీద పడక కాసేపు ఇబ్బంది అయింది. పెద్దవాళ్లకి ఇది మామూలే అట. వేళ్లు తుడిచి మళ్లీ పెట్టించారు. తర్వాతి వారమే విశాఖలో ఫ్లాటు రిజిస్ట్రేషను. అమ్మేవాళ్ల లోను తీర్చడం, అసలు కాగితాలు వాళ్ల బ్యాంకు నుంచి మా బ్యాంకుకి రావడం, అసోసియేషను బాకీ లేదన్న లెటరు, అన్నీ రెండు బ్యాంకులే చూసుకున్నాయి కాబట్టి అక్కడ చెప్పుకోదగ్గ కష్టం లేదు. ఈ ఇంట్లో అమ్మ గది లిఫ్టుకి దగ్గర్లోనే ఉంది, గుమ్మానికి గడప మెట్టు లేదు. ఆసుపత్రికి ఆటోలో వెళ్లొస్తున్నాం.

ఇల్లు అప్పగించేటప్పుడు బిల్లుల కాపీలు, వాసాల ఫోటోలు, పాత వైరింగు గీసుకున్న కాగితం అన్నీ మాస్టారికి ఇచ్చేశాను. అసలు బిల్లులు మాత్రం పన్ను కోసం మా దగ్గరే ఉంచుకోవాలి. మాస్టారు గోడలకి సున్నమే పూయించాలని నిర్ణయించుకున్నారు. గానుగ సున్నం ఎక్కడ దొరుకుతుందో మా మేస్త్రికే తెలుసు కాబట్టి అతని నంబరు ఇచ్చాను. ఆపేసిన పని అతనే మళ్లీ మొదలుపెట్టాడు, అదే వడ్రంగి తలుపులు బిగించాడు. మొన్న వంటింటి గోడ ఎంతెత్తు ఉండేదో అడగడానికి మాస్టారు ఫోను చేస్తే అమ్మే మాట్లాడింది. కిటికీ తూర్పుకి పెట్టించండి, పొద్దున్న వెలుతురు బాగుంటుంది అని చెప్పింది. అలాగే పెట్టిస్తున్నామని మాస్టారి భార్య ఆ కిటికీ ఫోటో పంపారు.